గుమ్మం నుంచి సోఫా దాకా బూడిద రంగు దారి: అది మురికా, అరుగుదలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను, ఫొటో కూడా చూశాను. విశాఖలో బీచ్ దగ్గరి లాసన్స్ బే కాలనీలో ఫ్లాట్. హాల్లో మూడేళ్ళ క్రితం కొన్న 6×9 అడుగుల ఉన్ని రగ్గు, లేత గోధుమ రంగు. ఇంట్లో మీరిద్దరు, ఇద్దరు పిల్లలు, అత్తయ్యగారు. చెప్పులు ఎవరూ లోపలికి తేరు. వారానికోసారి వ్యాక్యూమ్ పెడతారు. అయినా గుమ్మం వైపు అంచు నుంచి సోఫా దాకా బూడిద రంగు దారి పడింది. కిందటేడు షాంపూ వాష్ చేయిస్తే రెండు నెలల్లో మళ్ళీ అదే దారి, ఇంకాస్త ముదురుగా వచ్చింది. మళ్ళీ షాంపూ చేయించాలా, లేక కొత్తది కొనాలా అని అడిగారు.

ఇప్పుడే ఆ రెండూ వద్దు. ముందు రగ్గులో ఉన్న ఇసుక బయటికి రావాలి. ఇసుక లోపల ఉండగా నీళ్ళు తగిలితే మంచి జరగదు. విశాఖలో 22 ఏళ్ళుగా రగ్గులు, తివాచీలు ఉతికే పని చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చేవాళ్ళలో ఎక్కువమంది పైకి కనిపించే మచ్చ గురించి బెంగ పెట్టుకుని వస్తారు. రగ్గు ప్రాణం తీసేది మాత్రం పైకి కనిపించనిదే.

రగ్గు మీద కాలు పెట్టినప్పుడు ఏం జరుగుతుందో చెబుతాను. పాదానికి అంటుకున్న ఇసుకలో ఎక్కువ భాగం మొదటి కొన్ని అడుగుల్లోనే రాలిపోతుంది. అందుకే గుమ్మం వైపు అంచు ముందుగా పాడవుతుంది. రాలిన రేణువు పైన ఉండదు. తరువాతి అడుగు దాన్ని పోగుల మధ్యకు దించుతుంది, ఆ తరువాతిది ఇంకా కిందికి. చివరికి పోగుల మొదళ్ళ దగ్గర, నేతకు ముడి పడిన చోట చేరుతుంది. అక్కడిదాకా దిగాక వారానికోసారి పైపైన పెట్టే వ్యాక్యూమ్‌కు అది అందదు. ఇక మీరు నడిచిన ప్రతిసారీ పోగు వంగి ఆ రేణువు అంచుకు రాసుకుంటుంది. కాలు మడమ మీద తిరిగే చోట, అంటే సోఫా ముందు, టీవీ వైపు మలుపు దగ్గర, ఆ రాపిడి ఇంకా ఎక్కువవుతుంది. మీ ఫొటోలో సోఫా ముందు గుండ్రంగా కనిపిస్తున్న ముదురు భాగం అదే.

మన ఊరి ఇసుక సంగతి వేరే చెప్పాలి. మామూలు ఇసుకలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ అనే ఖనిజం గట్టిదనం, 1 నుంచి 10 దాకా ఉండే మోస్ కొలతలో 7. కిటికీ గాజు దాదాపు 5.5. అంటే ఇసుక గాజును గీయగలదు, ఉన్ని పోగు దానికొక లెక్క కాదు. ఆర్కే బీచ్‌లో, భీమిలి వైపు తీరంలో అలలు వెనక్కి వెళ్ళాక నల్లటి చారలు, మధ్యలో ఎర్రటి మెరుపు చూసే ఉంటారు. నల్లది ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రది గార్నెట్, రెండూ ఖనిజాలే. ఆ గార్నెట్ క్వార్ట్జ్ అంత గట్టిది, కొన్ని రకాలు ఇంకాస్త గట్టివి. సాండ్ పేపర్ తయారీలో వాడే పదార్థాల్లో అదీ ఒకటి. పిల్లలు సాయంత్రం బీచ్‌లో ఆడుకుని వచ్చి, చెప్పులు బయట విప్పి, కాళ్ళు దులుపుకోకుండా లోపలికి పరుగెత్తారంటే మీ రగ్గులోకి ఏం వస్తోందో ఊహించండి.

బీచ్‌కు దూరంగా ఉన్నవాళ్ళకు ఈ బాధ లేదని కాదు, రూపం మారుతుందంతే. వన్‌టౌన్, జ్ఞానాపురం వైపు ఇళ్ళ రగ్గులు తిరగేసి కొడితే నల్లటి మెత్తని పొడి రాలుతుంది. అది పోగును కోసేది తక్కువ, పట్టుకుని వదలనిది ఎక్కువ. మధురవాడ వైపు కొత్త అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోట సిమెంటు, ఎర్రమట్టి వస్తాయి. ఏ పేట రగ్గో రాలిన పొడి చూసి మా కుర్రాళ్ళు చాలాసార్లు సరిగ్గానే చెప్పేస్తారు.

"మేం చెప్పులు లోపలికి తేం కదా" అని మీరు రాశారు. ఇది చాలామందికి ఉన్న ధీమా, అందుకే కాస్త ఆగి చెప్పాలి. చెప్పులు విప్పేది ఎక్కడ? గుమ్మం బయట, చెప్పుల స్టాండ్ పక్కన. చెప్పుల నుంచి రాలిన ఇసుకంతా ఉండేదీ అక్కడే. వట్టి కాళ్ళతో దాని మీద అడుగేసి లోపలికి వస్తాం. దానికి తోడు ముగ్గు. బజారులో దొరికే ముగ్గుపిండి చాలావరకు రాతిపొడే, బియ్యప్పిండి కాదు. పండగ రోజుల్లో గుమ్మం ముందు పెద్ద ముగ్గు వేశాక వారం పాటు ఆ పొడి హాల్లోకి నడుస్తూనే ఉంటుంది. ముగ్గు మానమని అనను. స్టాండ్ చుట్టూ రోజూ ఊడవండి. గుమ్మం బయట కొబ్బరి పీచు పట్టా, లోపల మందపాటి నూలు పట్టా, రెండూ ఉండాలి. లోపలి పట్టా కనీసం రెండడుగులు పడేంత పొడవుండాలి. బజారులో దొరికే చిన్న అర్ధచంద్రాకారపు పట్టాను పిల్లలు దాటి దూకేస్తారు. ఆ పట్టాలను కూడా వారానికోసారి బయటికి తీసుకెళ్ళి దులపాలి. నిండిపోయిన పట్టా పాదాన్ని తుడవదు, దానికే మురికి అంటిస్తుంది.

వట్టి కాళ్ళతో వచ్చే రెండో ఇబ్బంది జిడ్డు. అరికాలి చర్మంలో నూనె గ్రంథులు ఉండవు, చెమట గ్రంథులే ఉంటాయి. కాబట్టి రగ్గుకు అంటే జిడ్డు చాలావరకు పాదానిది కాదు, నేలది. పోపు పెట్టినప్పుడు, గారెలు, అప్పడాలు వేయించినప్పుడు లేచే నూనె ఆవిరి వంటింటి నేల మీద సన్నటి పొరగా పడుతుంది. ఆ పొర మీద తిరిగిన పాదం హాల్లోకొచ్చి రగ్గు మీద ముద్ర వేస్తుంది. దీనికి మడమ పగుళ్ళకు రాసే క్రీములు, కొబ్బరినూనె తోడవుతాయి. ఇసుక పోగును కోస్తుంది, జిడ్డు సన్నటి ధూళిని పోగుకు అంటిస్తుంది. బూడిద రంగు ఈ రెండోదాని నుంచే ఎక్కువ. మీ రగ్గులో వంటింటి వైపు మూల ఒకసారి చూడండి. గుమ్మం వైపుకంటే అక్కడ రంగు ముదురుగా, ఇసుక తక్కువగా ఉంటే నేను చెప్పిందే జరుగుతోందన్నమాట.

ఇంకోటి, పొద్దున్నే తడిగుడ్డ పెట్టడం. పనమ్మాయి నేల తుడవగానే ఆరకముందే అందరం తిరుగుతాం. బకెట్‌లో కలిపిన ఫినాయిల్, ఫ్లోర్ క్లీనర్, నేల మురికి కలిసిన తడి అలాగే రగ్గు మీదికి ఎక్కుతుంది. ఫ్యాన్ వేసి పది నిమిషాలు ఆగితే ఇది పోతుంది. రగ్గు అంచు మడిచి కింద తుడిచి, తడి నేల మీదే మళ్ళీ పరచడం అంతకంటే చెడ్డ అలవాటు. మన ఊరి గాలిలో అది ఆరదు, వెనక వైపు బూజు పడుతుంది.

సముద్రం దగ్గర ఇళ్ళకు ఉప్పు కూడా ఉంది. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను పీల్చుకుని తానే కరగడం మొదలుపెడుతుంది. విశాఖలో ఏడాదిలో చాలా రోజులు తేమ ఆ గీత చుట్టుపక్కలే తిరుగుతుంది. బీచ్ ఇసుకతో వచ్చిన ఉప్పు రగ్గులో చేరితే వానాకాలంలో రగ్గు చేతికి చల్లగా, కాస్త బంకగా తగులుతుంది. తడి పోగుకు ధూళి ఇంకా బాగా అంటుకుంటుంది. ఉన్ని తన బరువులో సుమారు మూడో వంతు తేమను పీల్చుకుని కూడా తడిగా అనిపించదు కాబట్టి ఇది మనకు త్వరగా తెలియదు.

ఇప్పుడు మీ అసలు అనుమానం: అది మురికా, అరుగుదలా? ఇది తేలకుండా డబ్బు ఖర్చు పెట్టకండి. తెల్లటి నూలు గుడ్డను నీళ్ళలో ముంచి గట్టిగా పిండి, రెండు చుక్కల మామూలు తలస్నానపు షాంపూ వేసి, ఆ దారిలో జానెడు మేర పోగు వాలిన వైపుకే మెల్లగా తుడవండి. గుడ్డ బూడిద రంగుకు మారి రగ్గు తేటపడితే మురికి. గుడ్డ శుభ్రంగానే ఉండి రగ్గు మాత్రం మసకగానే ఉంటే అరుగుదల. తరువాత సోఫా కింద ఎవరూ తొక్కని చోట పోగుల ఎత్తు, నడక దారిలో పోగుల ఎత్తు స్కేలు పెట్టి చూసుకోండి. ఉన్ని పోగు అరిగితే చివర్లు తెగి రాలిపోతాయి, ఎత్తు తగ్గుతుంది. నైలాన్, పాలిస్టర్ పోగులు అలా తెగవు. వాటి మీద సన్నటి గీతలు పడి వెలుతురు చెదిరిపోతుంది, ఎంత ఉతికినా మసకగానే కనిపిస్తాయి. అలాంటి రగ్గులు పట్టుకుని "మీరు సరిగ్గా ఉతకలేదు" అని బాధపడేవాళ్ళను చూశాను. వాళ్ళ తప్పు కాదు, ముందే ఎవరూ చెప్పలేదు. మీది ఉన్ని, మూడేళ్ళే అయింది, ఫొటోలో పోగులు నిలబడే ఉన్నాయి. చాలావరకు మురికే అని నా నమ్మకం.

మరి షాంపూ వాష్ చేయించినా రెండు నెలల్లో ఎందుకు తిరిగొచ్చింది? రెండు కారణాలు కనిపిస్తున్నాయి. మొదటిది, ఇంటికి వచ్చి చేసే షాంపూ పనిలో నురగ పట్టించి తుడిచేస్తారు, కడిగి తీయడం సరిగ్గా జరగదు. మిగిలిపోయిన సబ్బు ఆరాక బంకగా ఉండి, వచ్చిన ప్రతి ధూళినీ పట్టుకుంటుంది. రెండోది, లోపలి ఇసుకను తీయకుండా తడిపారు. అడుగున ఉన్న మురికి నీళ్ళలో కలిసింది, ఆరేటప్పుడు నీళ్ళతో పాటు పోగు చివరికి ఎక్కి అక్కడ ఆగిపోయింది. ఆరిన తరువాత మచ్చ "మళ్ళీ పైకి తేలడం" అంటే ఇదే.

ఈ తప్పు నేనూ చేశాను. పని మొదలుపెట్టిన రెండో ఏడు, ఒక పెద్దాయన వాళ్ళ నాన్నగారి కాలం నాటి ఏలూరు తివాచీ తెచ్చిచ్చారు. ఏలూరు ఉన్ని తివాచీల నేత ఎప్పుడో పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ నేతగాళ్ళతో మొదలైందంటారు. అలాంటి వస్తువును నేను అక్టోబరు నెలలో, తొందరలో, దులపకుండా నీళ్ళలో పెట్టాను. లోపలి మట్టి అంతా బురదైంది. నాలుగుసార్లు కడిగినా నీళ్ళు తేటపడలేదు. ముసురు పట్టడంతో ఐదు రోజులు ఆరలేదు, అడుగున నూలు పడుగు, అంటే నేతకు నిలువుగా పోసిన దారాలు, కుళ్ళు వాసన కొట్టింది. ఒక అంచు పట్టుకుంటే చిరిగింది. ఆయన ఒక్క మాట అనలేదు, తివాచీ మడిచి తీసుకెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి దులపకుండా ఏ రగ్గునూ తడపలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు తడిసిన రగ్గులు నా దగ్గరికి వరసగా వచ్చాయి. మొదటి రెండు రోజుల్లో తెచ్చినవి నిలిచాయి. కరెంటు లేక, దారి లేక వారం తరువాత తెచ్చినవాటిలో పైన ఉన్ని బాగానే ఉంది, కింద నూలు పోయింది. ఉన్ని నీటిని ఓర్చుకున్నంత నూలు ఓర్చుకోదు.

మీరు చేయాల్సింది చెబుతాను. ముందు రగ్గు వెనక్కి తిప్పి చూడండి. వెనక వైపు కూడా ముందు డిజైనే ముడులుగా కనిపిస్తే అది చేతితో ముడివేసింది. గుడ్డ అంటించి ఉంటే టఫ్టెడ్, అంటే గన్‌తో పోగులు గుచ్చి రబ్బరు జిగురుతో నిలబెట్టింది. ముడివేసింది అయితే కర్రతో మెల్లగా కొట్టొచ్చు. టఫ్టెడ్‌ను కర్రతో కొట్టకండి, జిగురు పొడిపొడిగా రాలిపోతుంది. అలా రాలే పొడిని చాలామంది ఇసుక అనుకుంటారు. వేళ్ళ మధ్య నలిపి చూడండి. గరగరలాడితే ఇసుక. మెత్తగా, తెల్లగా, రబ్బరు వాసన వేస్తుంటే జిగురు, అంటే ఆ రగ్గు వయసు అయిపోతోందని.

ఏదైనా సరే, ఈ పని మాత్రం భయం లేకుండా చేయొచ్చు. హాల్లో నేల తుడిచి, పూర్తిగా ఆరాక, పాత దుప్పటి పరచి రగ్గును దాని మీద బోర్లా వేయండి. వెనక వైపు వ్యాక్యూమ్ మెల్లగా నడపండి. తరువాత దాన్ని అలాగే రెండు రోజులు వదిలేసి, ఇంట్లో అందరూ రోజూ నడిచినట్టే దాని మీద నడవండి. పిల్లలను ఆడుకోనివ్వండి. ఏ నడకైతే ఇసుకను లోపలికి దించిందో, ఇప్పుడు ఆ నడకే దాన్ని బయటికి తోస్తుంది. మూడో రోజు రగ్గు ఎత్తి దుప్పటి మీద ఏముందో చూడండి. మొదటిసారి చూసినవాళ్ళు సాధారణంగా నాకు ఫొటో పంపిస్తారు. దుప్పటి దులిపి, రాలడం తగ్గేదాకా ఇదే మళ్ళీ చేయండి. మీ రగ్గుకు మూడు విడతలు పట్టొచ్చు.

ఆ తరువాత ముందువైపు వ్యాక్యూమ్. నడక దారి మీద మెల్లగా, ఒక్కో చోట ఏడెనిమిదిసార్లు. మిగతా చోట రెండుసార్లు చాలు. తిరిగే బ్రష్ ఉంటే ఆపేయండి, కుచ్చుల మీదికి అసలు తీసుకెళ్ళకండి. ఐదుగురున్న ఇంట్లో, బీచ్‌కు అంత దగ్గర్లో, వారానికోసారి చాలదు. నడక దారి వరకు రోజు విడిచి రోజు, మొత్తం రగ్గు వారానికోసారి పెట్టుకోండి. నెలకోసారి బోర్లా వేసి వెనక నుంచి.

ఇసుక రాలడం ఆగాకే తడి మాట. ముందు రంగు దిగుతుందేమో ఒక మూల తడి తెల్లగుడ్డ ఐదు నిమిషాలు అదిమి చూడండి. రంగు అంటితే ఇంట్లో తడపకండి. అంటకపోతే గిన్నెడు చల్లటి నీళ్ళలో చెంచాడు మైల్డ్ షాంపూ గిలక్కొట్టి, నురగ ఒక్కటే గుడ్డతో తీసుకుని నడక దారికి పట్టించండి. తరువాత మంచినీళ్ళలో పిండిన గుడ్డతో నాలుగైదుసార్లు తుడిచి సబ్బు తీసేయండి. ఈ తీసేయడమే అసలు పని, ఇక్కడ ఓపిక కావాలి. పొడి టవల్‌తో అదిమి, ఫ్యాన్ కింద ఆరబెట్టండి. వేడినీళ్ళు వద్దు, ఉన్ని గట్టిపడి ముద్దకడుతుంది. బ్లీచింగ్ వద్దు, అది ఉన్నిని కరిగించేస్తుంది. వాషింగ్ సోడా, ఎంజైములున్న బట్టల పౌడర్ కూడా వద్దు. ఉన్ని వెంట్రుకలాంటిది, ప్రోటీన్‌ను కరిగించే ఎంజైము దాన్నీ తింటుంది. కొందరు కుంకుడుకాయ రసం వాడమంటారు. ముదురు రంగులకు నేనూ వాడాను, బాగుంటుంది. మీ లేత గోధుమ రంగుకు వద్దు, గోధుమ మరక దిగుతుంది.

రగ్గు కింద మందపాటి ఫెల్ట్ ప్యాడ్ (నేయకుండా పోగులను ఒత్తి చేసిన పట్టా) వేయండి. గట్టి టైల్స్‌కూ పాదానికీ మధ్య రగ్గు నలిగిపోకుండా ఆ ప్యాడ్ దెబ్బ తీసుకుంటుంది. పల్చటి రంధ్రాల పీవీసీ మ్యాట్ జారకుండా పట్టుకుంటుందేగానీ ఆ పని చేయదు, వేసవిలో నేలకు అంటుకుపోతుంది కూడా. ఆర్నెల్లకోసారి, సంక్రాంతికి ఒకసారి, ఆషాఢంలో ఒకసారి, రగ్గును తిప్పి గుమ్మం వైపు అంచును అటువైపుకు మార్చండి. మూడేళ్ళుగా ఒకే అంచు మొదటి అడుగులన్నీ మోస్తోంది.

పూర్తి వాష్‌కు ఇవ్వాలంటే డిసెంబరు చివర నుంచి మార్చిలోపు ఇవ్వండి. అప్పుడే మన దగ్గర గాలి కాస్త పొడిగా ఉంటుంది. ఇచ్చే ముందు మూడు ప్రశ్నలు అడగండి: తడిపే ముందు ఎలా దులుపుతారు, సబ్బు ఎలా కడిగి తీస్తారు, ఎక్కడ ఆరబెడతారు. "దులపడం దేనికి, షాంపూలో పోతుంది" అంటే ఇవ్వకండి. నడి ఎండలో ముందువైపు పైకి పెట్టి ఆరబెట్టేవాళ్ళకూ ఇవ్వకండి, రంగు వెలిసిపోతుంది.

ఒక హెచ్చరిక. ఈ పద్ధతి ఉన్ని రగ్గుకు. ఇది చదువుతున్న మరెవరి దగ్గరైనా "ఆర్ట్ సిల్క్", "బ్యాంబూ సిల్క్" పేరుతో కొన్న మెరిసే రగ్గు ఉంటే, అది ఎక్కువగా విస్కోస్, అంటే కలప గుజ్జు నుంచి తీసిన కృత్రిమ పోగు. తడిస్తే పోగు బలం పోతుంది, ఆరాక పచ్చబడుతుంది. దానికి ఇంట్లో నీళ్ళు తగలనివ్వకండి. జనపనార రగ్గుకూ అంతే, గోధుమ మరకలు తేలతాయి. నూలు జంపఖానాలకు ఇంత టెన్షన్ అక్కర్లేదు. దులిపి, రంగు దిగదని చూసుకుని, ఎండ బాగున్న రోజు ఉతుక్కోవచ్చు.

మీ రగ్గు వెనక వైపు ఫొటో, బోర్లా వేసిన మూడో రోజు దుప్పటి ఫొటో ఇక్కడే పెట్టండి. ముడివేసిందో టఫ్టెడో చూసి, వాష్‌కు ఇవ్వాలో ఇంట్లో సరిపోతుందో అప్పుడు చెబుతాను. అప్పటిదాకా కొత్తది కొనకండి.